క్షీరదూత దాచిన ఫలితం

అంగారకుడి మీద శోణనగరంలో అందరూ పీల్చేది ఒకటే గాలి. అందుకే ధూళిజ్వరం వచ్చిన బాలింతను ఇంట్లో ఉంచరు, ఆసుపత్రి గాజు గదిలో పెడతారు. ఆమె పిండిన పాలు సన్నటి గొట్టం గుండా పక్కనున్న పిల్లల గదిలోకి, క్షీరదూత దగ్గరికి వెళతాయి. ఆ యంత్రం అతినీలలోహిత కాంతితో వైరస్‌ను చంపుతుంది, రోగంతో పోరాడే ప్రతిరక్షకాలను మాత్రం చెడనివ్వదు. ఆ తర్వాత తల్లి ఒంటి వేడి ఉన్న సిలికాన్ చేతుల్లోకి బిడ్డను తీసుకుని, తల్లి గొంతుతో జోలపాడుతూ తాగిస్తుంది. రోజూ తల్లికి పరీక్ష చేసేది కూడా అదే.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ వకుళకు కాన్పైన నాలుగో రోజే జ్వరం అంటుకుంది. తను వండిన కూర తనే తినాల్సి వచ్చింది, అంతే.

పద్నాలుగో రోజు పొద్దున భర్త శశాంక్ గాజు అవతల నిలబడ్డాడు.

"ఇంకా తగ్గలేదా? ఇరవై ఒకటో రోజుకి బారసాల పెట్టుకుందామంటోంది అమ్మ."

"ఇంకో రెండు రోజులు పట్టేలా ఉంది" అంది వకుళ, అతని మొహం చూడకుండా.

అతను వెళ్ళాక గోడలోని స్పీకర్‌లోంచి క్షీరదూత మెల్లగా పలికింది. "డాక్టర్ గారూ, మీకు తగ్గి ఐదు రోజులైంది. ఇవాళ కూడా ఫలితం పంపొద్దంటారా?"

వకుళ సిగ్గుతో చచ్చిపోయింది. పెద్ద కూతురు పుట్టిన మొదటి రెండేళ్ళూ కంటిమీద కునుకు లేదు. ఇక్కడ రోజూ ఆరు గంటలు ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. బిడ్డకు తన పాలే అందుతున్నాయి కదా అని సర్దిచెప్పుకుంది. ఏ తల్లయినా ఇలా చేస్తుందా అని తనను తనే తిట్టుకుంది, మళ్ళీ పడుకుంది.

"నాలాంటి పాపిష్టిది ఇంకెక్కడైనా ఉందా?"

"ఈ వార్డులో గదులు పదకొండు. రోగం ఉన్నవాళ్ళు ఇద్దరే."

వకుళ మంచం మీద లేచి కూర్చుంది. "మరి మిగతా వాళ్ళు?"

"మీలాగే ఇంకొక్క రోజు అంటున్నారు. గది కోసం ఆరుగురు బాలింతలు జ్వరంతో ఇళ్ళలో ఎదురుచూస్తున్నారు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"తల్లి ఒప్పుకోనిదే ఫలితం బయటపెట్టకూడదని రాసింది మీరే. తల్లులు అబద్ధమాడరని దాని కింద కారణం కూడా రాశారు."

ఆమె ఆ నియమాన్ని అప్పటికప్పుడు కొట్టేసింది. గంటలో తొమ్మిది తలుపులు తెరుచుకున్నాయి. వరండాలో తొమ్మిది మంది తల్లులూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వకుళ గదికి గనిలో పనిచేసే నూకాలు వచ్చింది. మాస్కు వెనక దగ్గుతోంది. చంకలో బాబు ఉన్నాడు.

"మీకు ఎన్నాళ్ళకి తగ్గిందమ్మా?"

వకుళ నిజమే చెప్పింది. "ఐదు రోజులకి. పది రోజులున్నాను."

నూకాలు కోప్పడలేదు. బాబు నుదురు తడిమి చూసింది.

"నేను నాలుగు రోజుల్నించీ గది కోసం చూస్తన్నానమ్మా. ఈడికి నిన్న రేత్రి నుంచే ఒళ్ళు కాలతంది."