పేరంటాలి ముడి

విడవలూరు దగ్గర అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇల్లే మా ప్రాజెక్టు ఆఫీసు. ముందు గదిలో అమ్మవారి పటం, కంప్యూటరు. కిటికీ లేని లోపలి గదిలో మట్టి నమూనాలు. పాత తుఫాన్లలో సముద్రం ఎందాకా వచ్చిందో ఆ మట్టిని బట్టి తెలుసుకోవడం మా పని. ఉన్నది ముగ్గురమే. తవ్వించేది సుశీల్, పరీక్షించేది వనజాక్షి, ఇద్దరినీ కలుపుకుని నడిపేది నేను.

ప్రతి నమూనానూ రెండు గుడ్డసంచుల్లో కడతాం. పరీక్ష రోజుకు ముందు ఎవరు విప్పినా ఆ సంచి పనికిరాదు. ఇప్పుడు లోపలి గదిలో మిగిలిన జత తీసిన గుంట అలల కిందుంది, మళ్లీ తవ్వలేం. రెండూ పోతే వనజాక్షి పీహెచ్‌డీ పోయినట్టే.

ఆ సాయంత్రం ముసురు. కరెంటు లేదు. ఇల్లంతా ఉప్పు కలిసిన తడిమట్టి వాసన. నేను తాళం తీశాక ముగ్గురం ఫోను లైటుతో లోపలి గదిలోకెళ్లాం.

"మేడం, ఒక సంచి ఎవరో విప్పి మళ్లీ కట్టినారు," అంది వనజాక్షి, సుశీల్‌ని చూస్తూ.

"నన్ను చూస్తావేందక్కా? కంగారులో నువ్వే విప్పుంటావు."

"నా చదువు నేనే పాడుచేసుకుంటానా? తిక్క నాకా, నీకా?"

వంగి చూశాను. తాడును మూడు పాయలు చేసి, జడలా అల్లి, కొస లోపలికి దోపి ఉంది.

అది మా ఇంటి ముడి. మా అమ్మమ్మ చెల్లెలు రాఘవమ్మ వేసేదట. ఒక తుఫానులో ఆమెను ఈ తీరంలోనే సముద్రం తీసుకుపోయింది. శవం దొరకలేదు. పేరంటాలుగా, ఇంటి దేవతగా కొలుచుకుంటాం. ఏటా ఆమెకు పెట్టే పసుపుకుంకాల మూటకు ఆ ముడి వెయ్యడం తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే.

వనజాక్షి గొంతు తగ్గించింది. "మేడం... మీ పసుపుకుంకాల మూటకి కూడా ఇదే ముడి కదా?"

ఇద్దరూ నన్నే చూశారు. ఆ గది తాళంచెవి నా కొంగునే ఉంది.

నేను కాదని చెబితే నమ్ముతారా? తాళంచెవి విప్పి వనజాక్షి చేతిలో పెట్టాను. "రెండో సంచికి సుశీల్ వేసిన ముడి అట్నే ఉంది. చూసుకోండి. తాళం నువ్వే వెయ్యమ్మా. ముగ్గురం బయట కాపలా కూర్చుందాం."

తలుపు ముందే కూర్చున్నాం. ఒకరినొకరు కనిపెట్టుకుంటూ... నేను లోలోపల అమ్మవారి నామాలు చదువుకుంటున్నాను.

లోపల... తడిగుడ్డ ఈడ్చినట్టు.

"ఎలకేమో," అన్నాడు సుశీల్. నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

మళ్లీ... ఈసారి తాడు బిగించినట్టు.

వనజాక్షి తాళం తీసి తలుపు తోసింది. ఫోను లైటు వేశాం. ఎవరూ లేరు. రెండో సంచి ఉన్నచోటే ఉంది. కానీ దాని మీద తాడు లేదు.

"ఇదీ పాయె," అని కూలబడింది వనజాక్షి.

"లేదక్కా... మూతి మూసే ఉందే," గొణిగాడు సుశీల్.

నిజమే. మూతి బిగుసుకుని, లోపలికి లాగేసుకున్నట్టుంది. గుడ్డ మీదనుంచే తడిమాను. మూడు పాయలు... అల్లిన జడ... ముడి సంచి లోపలి వైపు ఉంది.

నా వేళ్ల కింద అది ఇంకొంచెం బిగిసింది.