కాజాలు లేని చొక్కా

బడి తెరవడానికి వారం ఉందనగా టైలరు ఇంట్లో ఎవరికీ ఊపిరి సలిపేది కాదు. ముందుగది తలుపు తీసేసరికే మెట్ల మీద తల్లులు కూర్చుని ఉండేవాళ్లు. "మావాడు ఏడాదిలో జానెడు పెరిగాడు, మడత రెండు వేళ్లు ఎక్కువ పెట్టండి" అని ఒకరు, "పోయినేడు నడుం దగ్గర బిగుసుకుపోయింది" అని ఇంకొకరు. నలభై ఏళ్లుగా ఆ ఊరి బడిపిల్లల నీలం యూనిఫాం అంతా ఆయన తన మిషన్ మీదే కుట్టాడు.

ఆ రోజు కూడా ఆయన ఆరింటికే తలుపు తీశాడు. మిషన్‌కి నూనె పెట్టి, టేపు మెడలో వేసుకుని కూర్చున్నాడు. అల్మరాలో నాలుగు తానుల నీలం గుడ్డ సిద్ధంగా ఉంది. ఎనిమిదైంది, తొమ్మిదైంది. భార్య రెండోసారి టీ తెచ్చి, మొదటి గ్లాసు మీద మీగడ కట్టి ఉండడం చూసి దాన్ని తీసుకెళ్లింది.

పదింటికి బడి ప్యూను వచ్చాడు. సైకిలు దిగలేదు. ఒక కాలు నేలకి ఆనించి నిలబడ్డాడు.

"మాస్టారూ, మీకు కబురు అందలేదా? ఈ ఏడు మన బడి తెరవడంలేదు. పట్నం బడిలో కలిపేశారు. బస్సు వచ్చి పిల్లల్ని తీసుకెళ్తుందట. యూనిఫాం కూడా వాళ్లే ఇస్తారట, కుట్టేసినవి."

"ఎంతమంది ఉన్నారేం పిల్లలు?"

"పదకొండు మంది."

"పదకొండా! పోయినేడు ఇరవై మందికి పైగా కుట్టానే!"

"పుట్టేవాళ్లేరీ మాస్టారూ? పుట్టినా ఇక్కడ ఉండేవాళ్లేరీ?"

ప్యూను వెళ్లిపోయాడు. టైలరు మెడలోని టేపు తీసి, వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు పొద్దస్తమానం మిషన్ కిందే దొర్లుతూ ఉండేదని ఊరంతా ఆమెను మిషన్‌లోని దారపు కండె పేరుతో బాబిన్ అని పిలిచేవారు. ముప్పై ఏళ్లు వచ్చినా ఆ పేరు వదల్లేదు. నగరంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లు పనిచేసింది. ఏ కొత్త రకం చొక్కా అయినా ముందు నమూనా కుట్టి చూపించేది ఆమే. ఫ్యాక్టరీ ఇంకా దూరానికి తరలిపోతే, నాలుగు నెలల కిందట ఇంటికి వచ్చింది. అక్కడికి రమ్మని వాళ్లు ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర టైలరు నోరు విప్పాడు.

"అమ్మాయీ, ఫ్యాక్టరీ వాళ్లకి వస్తానని చెప్పెయ్. మిషన్లు అమ్మేసి మేమూ నీ వెంట వచ్చేస్తాం. ఇక్కడ ఇంకెవరున్నారు, ముసలివాళ్లు తప్ప?"

"ముసలివాళ్లు ఉన్నారుగా నాన్నా."

"వాళ్లకి యూనిఫాం కుడతావా?"

"వాళ్లకీ బట్టలు కావాలి కదా."

"ఉన్న బట్టలే వాళ్లకంటే ఎక్కువకాలం బతుకుతాయి" అన్నాడాయన. భార్యకు నవ్వొచ్చింది కానీ కూతురి మొహం చూసి ఆపుకుంది.

బాబిన్ ఊరికే అన్న మాట కాదు అది. ఈ నాలుగు నెలలుగా ఆమె వారానికి రెండు రోజులు ఊరి నర్సమ్మతో కలిసి ఇళ్లకు తిరుగుతోంది. నర్సమ్మ మంచాన ఉన్నవాళ్లను ఇంటికి వెళ్లి చూస్తుంది. మొదట తోడుగా వెళ్లిన బాబిన్, రెండో ఇంట్లోనే నిలబడిపోయింది. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన చెయ్యి చొక్కాలోకి దూర్చడానికి ఇద్దరు మనుషులకు అరగంట పట్టింది. ఆయన పళ్లు బిగబట్టి గోడ వైపు చూస్తూ ఉన్నాడు. ఆయన ఆ ఊరి పాత హెడ్‌మాస్టరు. మరో ఇంట్లో ఒక ముసలామెకి గౌను తొడగడం మానేసి దుప్పటి చుట్టి ఉంచారు. బాబిన్ ఇంటికి వచ్చి కాగితాల మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. ఊరు ఖాళీ అయిందని అందరూ అంటుంటే, తలుపుల వెనక ఎంతమంది ఉన్నారో ఆమె కళ్లారా చూసింది.

రెండు రోజుల తరవాత టైలరు పట్నం వెళ్లాడు, తానులు వెనక్కి తీసుకోమని గుడ్డల కొట్టువాణ్ణి అడగడానికి. "బడి రంగు ఇంకెవరు కొంటారండీ?" అని అతను చేతులెత్తేశాడు. నాలుగింటికి ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో మిషన్ ఆడుతోంది. బల్ల మీద ఒక తాను సగానికి కోసి ఉంది. చిలక్కొయ్యకి ఒక నీలం చొక్కా వేలాడుతోంది. ముందు అంతా మామూలు చొక్కానే. వెనక మాత్రం కాలరు నుంచి అంచుదాకా నిలువునా చీలి ఉంది.

"ఏమిటిది?"

బాబిన్ ఉత్సాహంగా లేచింది. "మంచం మీద ఉన్నవాళ్లకి నాన్నా. ముందు నుంచి చేతులు దూర్చి, వెనక టిచ్చు బటన్లు నొక్కేస్తే అయిపోతుంది. చెయ్యి ఎత్తక్కర్లేదు."

"వెనక చీల్చిన చొక్కా ఎవరికి తొడుగుతారో తెలుసా నీకు? శవానికి!"

ఆమె మొహం పాలిపోయింది.

"నలభై ఏళ్లు ఎదిగే పిల్లలకి కుట్టాను. వచ్చే ఏటికి పెరుగుతారని రెండు వేళ్లు ఎక్కువ పెట్టి కుట్టాను. ఇప్పుడు పోయేవాళ్లకి కుట్టమంటావా?"

"పోయేదాకా బతికే ఉంటారు కదా నాన్నా! పదేళ్లు, పదిహేనేళ్లు. అన్నాళ్లూ దుప్పట్లో ఉండాలా?"

"ఈ పని నా ఇంట్లో వద్దు. నువ్వు ఎనిమిదేళ్లు నేర్చుకున్న పని ఈ ఊళ్లో మట్టి కొట్టుకుపోవడానికి కాదు."

"ఏవండీ."

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆమె ఆ ఇంట్లో ముప్పై ఏళ్లుగా చేత్తో కాజాలు కుట్టిన మనిషి. పెద్దగా మాట్లాడదు. మాట్లాడితే మాత్రం ఆగదు.

"అత్తయ్యకి ఆఖరి ఏడాది గౌను ఎట్లా తొడిగేదాన్నో మీరెప్పుడైనా చూశారా?"

"ఇప్పుడు అమ్మ సంగతెందుకు? నువ్వు బాగా చూసుకున్నావు. ఊరందరికీ తెలుసు."

"ఏం బాగా? రోజూ ఆ కొయ్యబారిన చెయ్యి పట్టుకుని పైకి ఎత్తేదాన్ని. ఎత్తేముందు ఆమె నన్ను అడిగేది, 'అమ్మాయీ, మిషన్ ఆడుతోందా?' అని. ఆడుతోందంటే అప్పుడు ఏడ్చేది. మీకు వినపడకూడదని."

టైలరు ఆగి ఉన్న మిషన్ వైపు చూశాడు.

"ఒకరోజు నా వల్ల కాలేదు. కత్తెర తీసుకుని గౌను వెనక నిలువునా కోసేశాను. ఇదుగో, ఇది కోసినట్టే. నొప్పి లేకుండా తొడిగాను. అత్తయ్య నవ్వింది. 'టైలరింట్లో ఉన్నాం, ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదే!' అంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"బడులు తెరిచే రోజులవి. మీకు తల ఎత్తే తీరికేదీ?" ఆమె చేతిలో ఉన్న మసిగుడ్డతోనే కళ్లు తుడుచుకుంది. "నాకు చదువు లేదు, నమూనాలు గీయడం రాదు. కోసి ఊరుకున్నాను. నా కూతురికి గీయడం వచ్చు. దాన్ని గీయనివ్వండి."

ఆయన పెరట్లోకి వెళ్లి, గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు.

మర్నాడు పొద్దున బాబిన్ ఆ చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంటుంటే, ఆయన చెప్పులు వేసుకుంటూ అన్నాడు.

"ఎవరింటికి?"

"హెడ్‌మాస్టరు గారింటికి."

"పద. నేనూ వస్తా."

హెడ్‌మాస్టరు ఒకప్పుడు గంజి పెట్టిన తెల్లచొక్కా లేకుండా గుమ్మం దాటేవాడు కాదు. ఆ చొక్కాలన్నీ టైలరు కుట్టినవే. కుడిపక్క పడిపోయాక రెండేళ్లుగా పడగ్గది దాటలేదు. నర్సమ్మ, ఆయన భార్య కలిసి కొత్త చొక్కా రెండు నిమిషాల్లో తొడిగేశారు. ఆయన ఒక్కసారి కూడా పళ్లు బిగబట్టలేదు. భార్య సంతోషంగా అద్దం తెచ్చి ముందు పెట్టింది.

హెడ్‌మాస్టరు చూసుకున్నాడు. కాలరు ముందుకు జారి, మెడ దగ్గర గోతంలా ఉంది.

"మెత్తగా ఉందమ్మా" అన్నాడు మర్యాదగా. "కానీ ఇందులో రోగిలా ఉన్నాను. తీసెయ్యండి."

బాబిన్ తల వంచుకుంది. అప్పుడు టైలరు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కాలరు కింద వేలు పెట్టి చూశాడు. భుజం కుట్టు వెంట మణికట్టుదాకా చెయ్యి జరిపాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు.

"అమ్మాయీ, వీపు మధ్యలో కోశావు. కాలరు రెండు ముక్కలైంది, ఇంక దానికి పట్టు ఏదీ? కాలరు ముట్టుకోకూడదు."

"ముట్టుకోకుండా చెయ్యి ఎట్లా పడుతుంది నాన్నా?"

"చేతిని చొక్కాలోకి దూర్చడం ఎందుకు? చొక్కానే చేతి మీదకి తెద్దాం. కుడి భుజం కుట్టు, దాని వెంటే చేతి పైకుట్టు, మణికట్టుదాకా మొత్తం విప్పేద్దాం."

బాబిన్ కళ్లు వెడల్పయ్యాయి. "ఎడమచెయ్యి మామూలుగా తొడిగి, చొక్కా వీపు మీదుగా తెచ్చి, కుడిచెయ్యి అందులో ఊరికే పడుకోబెట్టి... పైన టిచ్చు బటన్లు!"

"ఆ. కుట్టు లోపలే దాగుతాయి. ఎవరికీ కనపడవు."

"ముందు గుండీలు ఒంటిచేత్తో పెట్టుకోలేరు నాన్నా."

"గుండీలు ఉండాలి. చొక్కా అన్నాక గుండీలు కనపడాలి. కాజా తెరవకుండా పైన ఊరికే కుట్టేద్దాం, కింద టిచ్చు బటన్ పెడదాం."

మంచం మీది మనిషిని మరిచిపోయి తండ్రీకూతుళ్లు వాదించుకుంటున్నారు. హెడ్‌మాస్టరు నర్సమ్మ వైపు చూసి, "నేను ఇంకా ఇక్కడే ఉన్నానని వాళ్లకి గుర్తుచెయ్యి" అన్నాడు.

తరవాతి మూడు రోజులు ముందుగదిలో రెండు మిషన్లూ ఆడాయి. టైలరు మంచి తెల్లగుడ్డ తెచ్చాడు. రెండు నమూనాలు పాడయ్యాయి. టిచ్చు బటన్ల బరువుకి భుజం వేలాడితే బాబిన్ లోపల సన్నని పట్టీ వేసి నిలబెట్టింది. తండ్రి ఆ పట్టీని వెలుగులో పట్టుకుని చూసి తల ఊపాడు. ఆయన ఇంకొకరి పని మెచ్చి తల ఊపడం భార్య చూడడం అదే మొదటిసారి.

"గుండీలు పైన ఊరికే కుడతారా? కాజాలు తెరవక్కర్లేదా?" అందామె. "ముప్పై ఏళ్ల కిందటే తోచలేదేం మీకు? నా కళ్లు మిగిలేవి!"

నాలుగోరోజు హెడ్‌మాస్టరుకి చొక్కా తొడిగారు. చివరి బటన్ నర్సమ్మ నొక్కబోతే ఆయన ఆపాడు. ఎడమచేత్తో తడుముకుని, తనే నొక్కుకున్నాడు. టక్ మంది. అద్దంలో చాలాసేపు చూసుకున్నాడు.

"కుర్చీ బయట వెయ్యండి."

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ల తరవాత ఆయన వీధివైపు అరుగు మీద కూర్చున్నాడు, మెడ నిటారుగా, కాలరు కత్తిలా. దారినపోయేవాళ్లు ఆగారు. కూరగాయల బండివాడు ఆగాడు. ప్యూను సైకిలు దిగి, అలవాటు కొద్దీ చేతులు కట్టుకున్నాడు.

"ఏమోయ్ టైలరూ," అన్నాడు హెడ్‌మాస్టరు, "బళ్లో లెక్కలు తప్పేవాడివి. ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"భుజం కుట్టు ఒక్కటే నాదండీ. తలకాయంతా మా అమ్మాయిది."

ఆ అరుగు మీది చొక్కాని చూసిన కళ్లు ఊరుకోలేదు. వారం తిరక్కుండానే మెట్ల మీద మళ్లీ మనుషులు కూర్చున్నారు. ఈసారి కొడుకులు, కోడళ్లు, తామే అరవై దాటిన కూతుళ్లు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇలాగే ముసలివయ్యాయి కదా, నర్సమ్మ నోటి మాటే ప్రచారమైంది. నీలం తానులు పక్కలు విప్పుకునే పాంట్లయ్యాయి. ప్యూను భార్య వచ్చి టిచ్చు బటన్లు వెయ్యడం నేర్చుకుంది. బడిలో వంటచేసి పని పోగొట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లూ వచ్చారు. ఫ్యాక్టరీ వాళ్లు నాలుగోసారి ఫోన్ చేస్తే, "ఇక్కడ ఊపిరి సలపడంలేదండీ, మీకు ఎవరైనా కుట్టేవాళ్లు తెలిస్తే ఇటు పంపండి" అంది బాబిన్.

ఆరు నెలలకి పట్నం ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. తండ్రీకూతుళ్లు ఇస్త్రీ బట్టలు వేసుకుని, నమూనాల పెట్టెతో వెళ్లారు. పెద్ద డాక్టరమ్మ ఒక్కొక్క చొక్కా విప్పి, మూసి, మళ్లీ విప్పి చూసింది. వార్డు మొత్తానికీ కావాలంది. కాగితం ముందుకి జరిపి, తెల్లజుట్టు టైలరు వైపు పెన్ను చాచింది.

"ఓనరు మీరేగా? ఇక్కడ సంతకం పెట్టండి."

టైలరు పెన్ను అందుకోలేదు.

"ఓనరు మా అమ్మాయండీ," అన్నాడు. "నేను ఆమె దగ్గర పనిచేస్తాను."

బాబిన్ సంతకం పెట్టింది. అక్షరాలు వంకరపోయాయి. బస్సెక్కి కూర్చున్నాక అడిగింది.

"అట్లా ఎందుకన్నారు నాన్నా?"

"అబద్ధమా? నలభై ఏళ్లు పక్కనే బడి గంట వింటూ కుట్టుకున్నాను. గంట ఆగేసరికి లోకం ఆగిందనుకున్నాను. నువ్వు ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని చూశావు." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "మా అమ్మ కోసం నువ్వు కాస్త ముందు పుట్టి ఉండాల్సింది."

ఆమె ఏడ్చింది. చుట్టూ జనం ఉన్నారని కూడా చూడలేదు. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచాడు. తరవాత పెట్టె తెరిచి ఒక గౌను తీసి ఒళ్లో పరుచుకున్నాడు.

"చంకలో కుట్టు ఒరుసుకుంటోందని నర్సమ్మ అంది, ఇటు చూడు," అన్నాడు. "దీనికి ఏం చేద్దామంటావు?"

బాబిన్ కళ్లు తుడుచుకుని, ఆ గౌను మీదకి వంగింది.