రోబో ఎందుకు కళ్లు మూసింది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడూళ్లలో ఎస్సై అబ్దుల్ వాహిద్ చేతికొచ్చిన కేసేదీ చెయ్యి దాటలేదు. రాసి పెట్టుకోండి.

ఈసారి పోయిన సొత్తు ఒక కథ.

జమ్మలమడుగు టీచరు రాహేలు తన మొట్టమొదటి సైన్స్ ఫిక్షన్ కథను పులివెందులలో వివేక్ డీటీపీ షాపులో టైపుకిచ్చింది. కాగితాలు వానకు తడిసిపోయాయన్నాడతను. తర్వాత అదే కథ పత్రికలో వచ్చింది, వివేక్ పేరుతో. రాహేలు దగ్గర నకలు లేదు. ఈ సాయంత్రం ప్రొద్దుటూరులో దానికే అవార్డు.

సభకు ముందు హాలు వెనక గదిలో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టాడు వాహిద్.

"నీ కథలో మార్స్ మీద రోబో పాడే పాట యాడిదప్పా?"

"'గుంజిలి బొంజిలి గుమ్మటి తోక, చంద్రుడి జేబులో చెప్పుల మేక.' తలాతోకా లేని పాట సార్. ఈ పక్క పిల్లోళ్లందరికీ వచ్చు. సైన్సు కథలు రాసేటోళ్లంతా దాన్ని ఏదో ఒక రోబో నోట్లో పెడతాండారు," అన్నాడు వివేక్.

"మొత్తం చెప్పు."

ఆరు వరసలూ గడగడా అప్పజెప్పాడు.

"నువ్వు చెప్పమ్మా."

రాహేలు నాలుగు చెప్పి ఆగింది. "అంతే సార్."

వివేక్ పకపకా నవ్వాడు. "పాటే పూర్తిగా రాదు, ఈయమ్మ కథ రాసిందంట!"

"కథలో రోబో కూడా నాలుగుకే ఆపి, కెమెరా కళ్లు మూసుకుంటాది. ఎందుకు?"

"అదీ... స్టైల్ సార్."

"ఎందుకమ్మా?"

"మిషన్ హాస్టల్లో అన్నం తట్టలు ముందర పెట్టుకోని పాడేవాళ్లం సార్. నాలుగో వరసకు రాంగానే వార్డెనమ్మ గంట కొట్టేది. కళ్లు మూసి ప్రార్థన చేసి తినాల. పాట అంతేననుకున్యా."

వాహిద్ వివేక్ వైపు తిరిగాడు. "పాట అందరిదీ. ఆ ఆగడం ఈయమ్మది. కాపీ కొట్టినావు గానీ, రోబో ఎందుకు ఆగిందో నీకు తెలీదు."

వివేక్ నుదుటిన చెమట పట్టింది. తుడుచుకున్నాడు.

"సరే సార్. సాక్ష్యమేది? జడ్జి ముందర పాట పాడిస్తారా?"

వాహిద్ నిర్వాహకులను అడిగితే, "పత్రికలో పేరు ఆయనదే కదా సార్," అన్నారు.

కేసు చెయ్యి దాటింది. మొదట్లో నేను కొట్టిన డప్పు మరిచిపోండి. నేనెప్పుడో మరిచిపోయా!

వేదిక మీద వివేక్ మైకులో కథ చదివాడు. నాలుగో వరస దగ్గర ఆగాడు. హాలులో ఉన్న ఆ మిషన్ హాస్టల్లో చదివిన ఆడవాళ్లంతా తమకు తెలియకుండానే చేతులు జోడించి కళ్లు మూసుకున్నారు.

అంతా మూసుకున్నారన్నది నా కల్పన. మూసుకున్నది రాహేలు ఒక్కతే. తెరిచేసరికి వివేక్‌కు శాలువా కప్పుతున్నారు.