సాంచల చప్పుడుకు లేవని పిల్ల

హనుమండ్లు బిడ్డకు మాట రాకుండా చేసింది అతని అక్క రాజవ్వ. అందులో అనుమానం లేదు. ఎవరు కాదన్నా హనుమండ్లు ఒప్పుకోడు.

సిరిసిల్లలో వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో నాలుగు సాంచాలు, వెనక గదిలో వంటా పడకా. కరెంటు ఉన్నంతసేపూ ఆ మరమగ్గాలు ఇల్లదిరేలా కొట్టుకుంటాయి. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పెదవులు చూసి, చేతులు చూసి సంగతి తెలుసుకోవడం ఆ వాడలో అందరికీ అలవాటే.

ఆరేళ్ల స్వరూపకు జడ వేస్తూ ఆ పొద్దున రాజవ్వ తమ్ముడి వైపు తలెత్తింది.

"పొద్దుగాల్నే యాడికిరా?"

"కరీంనగర్. దీని చెవులు చూపెడ్త."

"బడిపంతులు చెప్పిండా? ఆయనకు చదువు చెప్ప శాతగాక పిల్ల మీద పెడ్తుండు. నీకు బస్సు కిరాయి ఎక్కువైనట్టుంది."

"జడ తొందరగ వెయ్యే."

"వేస్తున్న గద. తల్లి లేని పిల్లను ఉత్తగ పరేషాన్ చేస్తవ్."

తల్లి మాట ఎత్తేసరికి హనుమండ్లుకు ఒళ్లు మండింది. పిల్ల చెయ్యి పట్టుకుని బయటపడ్డాడు.

బస్సులో దారి పొడుగునా అతనికి పోయిన భార్య సత్తమ్మే గుర్తొచ్చింది. స్వరూప పుట్టినప్పుడు తొట్టెల కట్టింది రెండు గదుల నడిమి గుమ్మానికే. సాంచాలు మొదలైనా పిల్ల ఉలిక్కిపడేది కాదు. "నా మేనకోడలు సాంచల బిడ్డ! పిడుగు పడ్డా లేవది," అని రాజవ్వ వచ్చినవాళ్లకల్లా చూపించి మురిసేది. వాళ్లు ఇంటికి పోయి తమ పిల్లల్ని తిట్టుకునేవాళ్లు.

సత్తమ్మ ఒక్కతే మురవలేదు. ఒకనాడు కరెంటు పోయి ఇల్లు సద్దుమణిగినప్పుడు, తొట్టెల వెనక నిలబడి ఇత్తడి పళ్లాన్ని గరిటెతో గట్టిగా కొట్టింది. పిల్ల తన కాలివేళ్లతో ఆడుకుంటూనే ఉంది. మళ్లీ కొట్టబోతే రాజవ్వ వచ్చి గరిటె గుంజుకుంది. కరీంనగర్ పోదామని సత్తమ్మ ఏడిస్తే అడ్డం పడింది కూడా ఆమే.

"ఆడపిల్లకు చెవుడని ఊరంత డప్పు కొట్టిస్తవా? రేపు దాన్ని ఎవడు చేస్కుంటడు? మాట జర ఆలస్యంగ వస్తది. ఏం ఫికర్ వద్దు."

ఆ ఇంట్లో రాజవ్వ మాటే మాట. మరుసటేడు సత్తమ్మ పచ్చకామెర్లతో పోయింది. మాట మాత్రం రాలేదు.

కరీంనగర్‌లో చెవుల డాక్టరు పిల్లను చాలాసేపు పరీక్షించాడు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పుట్టుకతోనే చెవుడు. ఏడాది పిల్లప్పుడు తెచ్చి ఉంటే చెవికి మిషన్ పెట్టి మాట నేర్పేవాళ్లం. వినపడితేనే కదా మాట వచ్చేది. ఇప్పుడు మిషన్ పెట్టినా చప్పుడు తెలుస్తుందేమో, మాట వస్తుందన్న ఆశ నాకు లేదు. చేతి సైగలతో చదువు చెప్పే బడి ఉంది, చేర్పించండి." పక్కకు తిరిగి ఇంకేదో అడిగాడు. హనుమండ్లు పలకలేదు. డాక్టరు మళ్లీ అతనికేసి తిరిగాడు. "మీకూ వినికిడి తగ్గుతోంది. పోయింది తిరిగి రాదు, ఉన్నదైనా కాపాడుకోండి. మగ్గాల దగ్గర చెవులు మూసుకోండి. చీము కారితే నూనెలు పోయకండి, నా దగ్గరకు రండి."

వాళ్లు ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. సాంచాలు ఆగి ఉన్నాయి. రాజవ్వ గుమ్మానికి వీపు పెట్టి పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతోంది. స్వరూప ఉరికి వెళ్లి ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"నీ కడుపు సల్లబడ్డదా అక్కా?" గుమ్మంలోంచే అరిచాడు హనుమండ్లు. "నా బిడ్డకు ఇగ మాట రాదట!"

రాజవ్వ రొట్టె తిప్పింది.

"సత్తి నెత్తి కొట్టుకొని చెప్పింది. విననిస్తివా? దాని ఉసురు నీకు తాకుతది!"

ఆమె చెయ్యి ఆగలేదు. వీపు కదల్లేదు. ఎంత మొండిదైతే ఇంత మాటకు కూడా తిరిగి చూడదు! హనుమండ్లు చేతిలోని సంచి నేలకేసి కొట్టాడు.

తండ్రి ముఖం చూసి బెదిరిపోయిన స్వరూప మేనత్త మోకాలు తట్టి గుమ్మం వైపు వేలు చూపింది. రాజవ్వ వెనక్కి తిరిగింది.

"వచ్చినవా తమ్మీ? ఏమన్నడు డాక్టరు?"

హనుమండ్లు ఆమె చెవులకేసి చూశాడు. మెల్లగా వచ్చి ఆమె ఎదుట కూలబడ్డాడు.

"అక్కా, నీకు... వినరాదా?"

పిండి చేతులు ఆగిపోయాయి.

"చిన్నప్పుడు చెవుల చీము కారేది. అవ్వ నూనె మరగబెట్టి పోసేది. ఒక చెవు అప్పుడే పాయె, రెండోది సగం. ఆ సగం సాంచాలు మింగినయ్."

"మరి మెట్‌పల్లిల, నీ అత్తోళ్లింట్ల..."

"అత్త పిలిస్తే పలకలేదని మూన్నెల్లకే ఇంటికి తోలిరి. బాపు బయట ఏమన్నడు? గయ్యాళిది, అత్తతోని పడలే అన్నడు. గయ్యాళంటే బతకొచ్చురా. చెవిటిదంటే బతకనియ్యరు."

"పిల్ల సంగతి నీకు ఎర్కేనా?"

"తొట్టెలల ఉన్నప్పుడే ఎర్క. నాలెక్కనే దాసుకొని బతుకుతదనుకున్న."

"నీకు మాటలు వచ్చినంక పోయింది చెవు!" పిల్ల వైపు చెయ్యి చూపాడు. "దీనికి మాటే రాలే. వింటేనే మాట వస్తదట."

రాజవ్వ అతని పెదవులనే చూస్తూ ఉండిపోయింది. రెండోసారి చెప్పించుకుంది. అర్థమయ్యాక పిండి చేతులతోనే ముఖం కప్పుకుంది.

"నాకు తెల్వదురా తమ్మీ. మాట చెవులల్ల నుంచి వస్తదని నాకెవలు చెప్పిండ్రు?"

పొయ్యి మీది రొట్టె మాడి పొగలేచింది. ఎవరూ తీయలేదు. ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో తెలియక స్వరూప ఇద్దరి నోళ్లనూ మార్చి మార్చి చూస్తోంది. హనుమండ్లు కళ్లు తుడుచుకుని, అక్క చేతులు ముఖం మీది నుంచి తీసి, తన పెదవులు కనపడేలా జరిగాడు.

"పిల్లను ఆ బడిల వేస్త. అడిగినోళ్లకు చెవిటిదనే చెప్త."

"నా సంగతి?"

అతను గోడ మీది సత్తమ్మ పటం వైపు చూసి తల తిప్పుకున్నాడు.

"నీ సంగతి ఎవ్వలికీ చెప్ప. నిన్ను ఇగ ఒక్క మాట అడుగ. మాఫ్ చేసిన్నని మాత్రం అనుకోకు. గీ ముచ్చట ఈ ఇంట్ల మల్ల లేవద్దు."

రాజవ్వ తలూపింది. బతికినన్నాళ్లూ హనుమండ్లు ఆ ముచ్చట మళ్లీ ఎత్తలేదు.