ఉండమని చెప్పని మేనేజరు

పరుపుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌కి ఏదో జబ్బు పట్టుకుంది. చేరినవాళ్ళు చేరినట్టే మానేస్తున్నారు. జీతం పెంచారు, మానేశారు. కొత్త ఫ్యాన్లు పెట్టించారు, ఆ గాలికి కాసేపు సేదదీరి మరీ మానేశారు. యజమానికి తలప్రాణం తోకకొచ్చి, యూనివర్సిటీ నుంచి ఒక సైకాలజిస్టుని పిలిపించాడు.

ఆమె వైద్యం చేసేది మనుషులకి కాదు, ఆఫీసులకి. వారంలో సగం క్లాసులో పాఠం చెబుతుంది. మిగతా సగం కంపెనీల్లో తిరుగుతూ ఎవరి ముఖం ఎందుకు మాడిందో కనుక్కుంటుంది.

ఆమె పద్ధతి తేలిక. ఒక ప్రశ్న అడిగి ఊరుకుంటుంది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఎదుటివాళ్ళు కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. స్టోర్స్ గుమాస్తా అయితే ఏకంగా తన పెళ్ళిచూపుల దగ్గర మొదలుపెట్టాడు.

ప్యాకింగ్ మేనేజరు వంతు వచ్చింది. ఫ్యాక్టరీలో అతన్ని చాటుగా మౌనస్వామి అంటారు.

“మీ సెక్షన్‌లో జనం ఎందుకు మానేస్తున్నారంటారు?” అని అడిగి ఆమె ఊరుకుంది.

“తెలీదండీ,” అని అతనూ ఊరుకున్నాడు.

బయట వాన మొదలైంది. టీ వచ్చింది, చల్లారింది. చివరికి ఆమే ఓడిపోయింది.

“మీకు ఇబ్బందిగా లేదా?”

“దేనికండీ?”

“ఇలా మాట్లాడకుండా కూర్చోవడానికి.”

“లేదండీ. హాయిగా ఉంది.”

ఆమె ఉద్యోగంలో ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు. అతని కళ్ళు బాగున్నాయని గమనించింది కూడా అప్పుడే. ఆ సంగతి రిపోర్టులో రాయలేదు.

తర్వాత మానేసినవాళ్ళని వెతికి పట్టుకుంది. అందరిదీ ఒకటే పాట. “సారు మంచోడే మేడమ్. తిట్టడు. మెచ్చుకోడు. మానేస్తానంటే సరే అన్నాడు. ఉండమ్మా అని ఒక్క మాటంటే ఉండిపోయేదాన్నే.”

ఎవరి గురించి రాస్తే ముందు వాళ్ళకే చెప్పడం ఆమె అలవాటు. చెప్పింది.

“నేను వాళ్ళనేమీ అన్లేదండీ!” అన్నాడు మేనేజరు.

“అదే మీ తప్పు.”

“మంచి పని దొరికి వెళ్తున్నారేమో, ఉండమంటే కాళ్ళకి అడ్డం పడ్డట్టు కాదా అండీ?”

“ఈ ముక్క వాళ్ళకి చెప్పారా?”

“లేదండీ.”

యజమాని అతన్ని తీసేద్దామన్నాడు. ఆమె వద్దంది, మాట్లాడడం తనే నేర్పిస్తానంది. అలా ప్రతి శుక్రవారం క్యాంటీన్‌లో శిక్షణ మొదలైంది.

మొదట్లో అతను మెచ్చుకుంటుంటే జనం హడలిపోయారు. “బాగా ప్యాక్ చేశావు,” అనగానే ఒకమ్మాయి, “నన్ను తీసేస్తున్నారా సార్?” అని ఏడ్చేసింది. మెల్లగా అలవాటు పడ్డారు. మానేయడం తగ్గింది. శిక్షణ మాత్రం ఇద్దరూ ఆపలేదు.

“ఏదీ, నన్ను మెచ్చుకోండి. ప్రాక్టీసు,” అంది ఆమె ఒక వానరోజు.

“మీ గొడుగు బాగుందండీ.”

“గొడుగుని కాదు, మనిషిని.”

అతను తీవ్రంగా ఆలోచించాడు. “గొడుగు పట్టుకున్న తీరు బాగుందండీ.”

ఆ రోజు ఆమె ఇంటికి నవ్వుకుంటూ వెళ్ళింది. అతన్ని ప్రేమిస్తున్నానని తేల్చుకోవడానికి ఏ సర్వే అవసరం పడలేదు.

అంతలో వేరే ఊళ్ళోని పెద్ద కన్సల్టింగ్ కంపెనీ ఆమెని రమ్మంది. యూనివర్సిటీ వదిలెయ్యాలి, ఊరు వదిలెయ్యాలి. ఆమె ఆ కబురు అతనికి చెప్పి, ఉండమంటాడేమోనని ఊరుకుంది.

“సరేనండీ,” అన్నాడు మేనేజరు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఇన్ని శుక్రవారాలు బూడిదలో పోసిన పన్నీరయ్యాయని బస్సులో కళ్ళు తుడుచుకుంది. మానేసిన వాళ్ళందరి బాధా అప్పుడు సరిగ్గా అర్థమైంది.

మర్నాడు ఆమె పాఠం చెబుతుండగా క్లాసు తలుపు దగ్గర మేనేజరు ప్రత్యక్షమయ్యాడు. నిలువునా తడిసి ఉన్నాడు.

“క్లాసు జరుగుతోంది,” అంది ఆమె.

“తెలుసండీ. తర్వాతైతే నాకు నోరు పెగల్దు.” గొంతు సవరించుకున్నాడు. “వెళ్ళొద్దనడానికి రాలేదు. ఆ ఉద్యోగం మీకు తగిందే. కానీ మీరు వెళ్తే నాకు ఏమీ బాగుండదు. మీరంటే నాకు చాలా ఇష్టం. మీరు రమ్మంటే నేనూ ఆ ఊరొస్తాను. పరుపులు అన్ని ఊళ్ళలోనూ తయారవుతాయి.”

క్లాసులో ఎవరూ పుస్తకాల వంక చూడడం లేదు.

“నేను వెళ్ళడం లేదు. పొద్దున్నే వద్దని చెప్పేశాను,” అంది ఆమె.

“నా కోసమా అండీ?”

“కాదు. నాకు పాఠం చెప్పడం ఇష్టం. నిన్న మీరన్న ఆ ‘సరేనండీ’ విన్నాక మీ కోసం ఎలా ఉండిపోతాను?” ఆమె చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టింది. “మీరంటే నాకూ ఇష్టమే. ఎంత కోపమొచ్చిందో, అంత ఇష్టం.”

వెనక బెంచీలోంచి ఎవరో ఈల వేశారు. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి.

“మరి ఇప్పుడేం చెయ్యాలండీ?”

“సాయంత్రం మా ఇంటికి రండి. మా అమ్మకి చెప్పాలి.”

“మీరు చెప్తారు కదండీ?”

“మీరే చెప్పాలి.”

“మళ్ళీ మొత్తమా అండీ?”

“మొత్తం,” అని ఆమె బోర్డు వైపు తిరిగింది. విద్యార్థులకి కనబడకుండా నవ్వుకోవడానికి ఆ గదిలో వేరే చోటు లేదు.