వెనక షెడ్డులో తెల్ల చెయ్యి

ఆటోనగర్‌లో బాలశౌరి మేస్త్రీ లేత్ షాపు వెనక ఓ పాత షెడ్డుంది. పొద్దుగూకాక అందులోకి ఎవరూ పోరు. ఎప్పుడో మిషన్‌లో చెయ్యి పోగొట్టుకున్నవాడొకడు ఇప్పటికీ అక్కడ దాన్ని వెతుక్కుంటూ తిరుగుతున్నాడంట... ఆ మాట విని ఇద్దరు కుర్రాళ్ళు పని నేర్చుకోవడమే మానేశారని చెప్పుకుంటారు.

రూతు మాత్రం మానలేదు. మెషినిస్టునవుతానని పట్టుబట్టి ఐటీఐలో చేరిన పిల్ల. సాయంత్రాలు మేస్త్రీ దగ్గర పని నేర్చుకునేది. తెల్లారితే ప్రాక్టికల్ పరీక్ష. సేఫ్టీ బూట్లు లేకపోతే లోపల అడుగు పెట్టనివ్వరు. ఆ బూట్లేమో — వెనక షెడ్డులో ఉండిపోయాయి!

అప్పటికే కరెంటు పోయి చాలాసేపయింది. వీధంతా చిమ్మచీకటి.

"పొద్దున్నే తీసుకుందువులే అమ్మాయ్," అన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి.

"పొద్దున్నే బస్సెక్కాలి బాబాయ్."

"అయితే పద. నేనుంటా కదా."

ఉన్నాడు — ఆమె వెనకాల, ఆమె బ్యాగు పట్టీ గట్టిగా పట్టుకుని.

లోపల నూనె వాసన. కాళ్ళకింద ఇనప రజను కరకరమంటోంది. సెల్‌ఫోను వెలుగులో బూట్లు కనబడ్డాయి. రూతు వంగి అందుకుంది... అప్పుడే కరెంటొచ్చింది. షెడ్డులో బల్బు ఎప్పుడో మాడిపోయింది గానీ, మూలనుంచి ఏదో — డుగుడుగుడుగు! ఆ వెనకే, ఎవరో పళ్ళ మధ్యనుంచి ఊపిరి వదిలినట్టు... స్స్‌స్...

మిల్లింగ్ మిషన్ వెనకనుంచి ఓ తెల్ల చెయ్యి లేచింది.

మెల్లగా... ఒక్కో వేలూ విచ్చుకుంటూ... మనిషి చేతికి రెండింతలైంది. ఊగింది — రమ్మన్నట్టు!

"మరియ తల్లో!"

మేస్త్రీ ఒక్క గెంతులో బయటపడ్డాడు. పడ్డవాడు ఊరుకున్నాడా? తలుపు లాగి గడియ పెట్టేశాడు.

రూతుకి పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ ఆ స్స్‌స్... రోజూ వినే చప్పుడే! ఫోను అటు తిప్పింది. ఎయిర్ కంప్రెసర్. కరెంటు పోయినప్పుడు స్విచ్చి ఆపడం మరిచారు. రజను పడకుండా ఎవరో దాని గొట్టం మూతికి తెల్ల రబ్బరు గ్లౌజు తొడిగారు. వాల్వు సరిగ్గా బిగించలేదు. గాలికి గ్లౌజు ఉబ్బింది... అంతే!

వాల్వు బిగించింది. దెయ్యం ఉస్సురుమంటూ ఆమె చేతిలో వాలిపోయింది. రూతుకి నవ్వొచ్చింది. ఆపుకుంటే ఆగలేదు. మిషన్‌కి ఆనుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది.

చీకటి షెడ్డులోంచి ఆ ఆడనవ్వు వినేసరికి మేస్త్రీకి ఉన్న కాస్త ప్రాణమూ పోయింది.

"బాబాయ్, తలుపు తియ్యి!"

"నువ్వు రూతువని నమ్మకమేంటి?"

"అయ్యో, నేనే!"

తలుపు సందులోంచి వణికే గొంతు — "మిషన్ ఆన్ చేసేముందు చక్ కీని ఏం చెయ్యాలి?"

"తీసి పక్కన పెట్టాలి."

"నర్లింగ్... పిడికి గరుకు గీతలు కొట్టేటప్పుడు స్పీడు?"

"తక్కువ ఉండాలి."

"...మా రూతు ఇంత గబగబా చెప్పదే. ఎవరే నువ్వు?"

"ఇంకోటి అడుగు బాబాయ్, నీకు దణ్ణం పెడతా!"

"వెర్నియర్ లీస్ట్ కౌంటెంత?"

"పాయింట్ జీరో వన్ మిల్లీమీటర్!"

ఠక్కున గడియ ఊడింది.

"అది మైక్రోమీటరుదే! వెర్నియర్‌ది పాయింట్ జీరో టూ! ఏడాదినుంచీ ఇదే తప్పు... నువ్వు మా రూతువే తల్లీ!" మేస్త్రీ కళ్ళనిండా నీళ్ళు. "రేపు పరీక్షలో మాత్రం అట్టా చెప్పి చావకు!"