ఏడో ప్లాట్‌ఫాం చివరి తలుపు

మూడో ఏజెంటుని కూడా లోపల చంపేశారు.

చంపేశారంటే ప్రాణం పోయిందని కాదు. మనిషి కుర్చీలోనే ఉన్నాడు. హెడ్‌సెట్ పీకి బల్లమీద పడేసి మంచినీళ్ళు అడిగాడు. కంప్యూటర్ లోపలి వర్చువల్ నగరంలో అతను వేసుకున్న వేషం మాత్రం చచ్చింది. ఒకసారి చచ్చినవాడికి గంటసేపు లోపలికి ప్రవేశం లేదు. టైము మూడూ ఐదు. సరిగ్గా నాలుగింటికి మూడు ఆనకట్టల గేట్లు ఒకేసారి తెరుచుకోబోతున్నాయి. దిగువన పన్నెండు ఊళ్ళున్నాయి, వాటిని ఖాళీ చేయించే వ్యవధి లేదు.

"ఇక నిదానాన్ని పిలవండి," అన్నాడు చీఫ్.

నిదానం అసలు పేరు సర్వీసు ఫైల్లో ఉంది, బయట ఎవరికీ గుర్తులేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ పరిగెత్తలేదని ఆ పేరు పెట్టారు. పరిగెత్తకుండానే రెండు సరిహద్దులు దాటాడు, ఓ పరాయి కల్నల్‌ని మాటల్లో పెట్టి కారెక్కించుకొచ్చాడు. భార్య పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి రికార్డు రూములో ఫైళ్ళు సర్దుకుంటూ బతుకుతున్నాడు.

చీఫ్ కూర్చోమనకుండానే మొదలుపెట్టాడు. "విదేశీ ముఠా. గేట్లకి ఆర్డరిచ్చే ప్రోగ్రాం ఆ నగరంలో ఎక్కడో దాచారు. నగరమేమో వేలమంది పాఠకుల కంప్యూటర్లలో ముక్కముక్కలుగా నడుస్తోంది. మనం ఆపడానికి స్విచ్చంటూ లేదు. లోపలికెళ్ళి వెతకాల్సిందే."

"పాఠకులేమిటి సార్? ఎవరి పాఠకులు?"

చీఫ్ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "మీ ఆవిడ పాఠకులయ్యా. ఆ నగరమంటే ఆవిడ నవలల్లోని స్టేషనే, ఉన్నదున్నట్టు కట్టారు."

నిదానం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆవిడ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి. తొమ్మిది నవలలు. మిగతా రచయితలు కంప్యూటర్ లోపలి లోకమంటే నల్లటి ఆకాశం, నీలం దీపాల వీధులు, రెక్కల్లేకుండా ఎగిరే హీరో అని రాస్తుంటే, ఈవిడ రైల్వేస్టేషన్ రాసింది. నిదానం పగలబడి నవ్వాడు అప్పట్లో. "నెట్‌వర్కంటే ఏసీ గదిలో ఇనుప బీరువాలే తల్లీ. నేను కళ్ళారా చూశాను. స్టేషనెక్కడిది?" అన్నాడు. "బీరువాల గురించి రాస్తే బీరువాలే చదవాలి," అంది ఆవిడ. "మనిషి ఆ లోకంలోకి ఎందుకు పోతాడు? ఎగరడానికా? ఎవరైనా కలుస్తారేమోనని పోతాడు. పోయి కూర్చుని ఎదురుచూస్తాడు." నిదానం సూట్‌కేసు జిప్పు లాగుతూ విన్నాడు ఆ మాట. అరగంటలో ఫ్లైటు మరి.

"తొమ్మిది పుస్తకాలూ నీకు కొట్టినపిండి కదా," అన్నాడు చీఫ్.

నిజం చెప్పాల్సింది. తొమ్మిదింటిలో ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుదామనుకున్నాడు. ఇరవై రెండేళ్ళు ఇంట్లో ఆవిడకి ఏం చెప్పాడో ఇక్కడా అదే చెప్పాడు.

"ఊఁ."

టెక్నికల్ విభాగంలో తీగల మేస్త్రీ అని పిలిచే ఇంజినీరు అతని చేతులకి గ్లవ్స్ తొడిగాడు, చెవిలో ఇయర్‌పీస్ దోపాడు. "లోపల మీది సామాన్లు మోసేవాడి వేషం. ఎవరూ పట్టించుకోరు. గైడ్ పక్క క్యాబిన్లోంచి వస్తుంది. కోడ్ మాట ఈ చీటీలో ఉంది, కంఠతా పట్టండి."

గైడ్ ఎవరో కాదు, నిదానం భార్య పుస్తకాల ఎడిటర్. పొగరంగు సిల్కు, ఎర్రటి గోళ్ళు, కారిడార్లో నడిస్తే గన్ పట్టుకున్న సెంట్రీ సైతం తల తిప్పుతాడు. నగరంలో ముఠా మకాం వేసిందని డిపార్ట్‌మెంటు చెవిన వేసింది ఆమే. ఆవిణ్ణి అక్కా అనేది, నిదానాన్ని బావగారూ అనేది. నిదానం ఊళ్ళో లేనప్పుడల్లా ఇంటికొచ్చి కూర్చునేదట. అంటే ఎక్కువగానే వచ్చి ఉండాలి.

హెడ్‌సెట్ పెట్టగానే గది మాయమైంది.

నీలం దీపాల్లేవు, ఎగిరేవాళ్ళూ లేరు. పాలిష్ పోయిన చెక్క బెంచీలు, బీటలు వారిన గచ్చు. బెంచీల నిండా జనం: ఒకడిది పులి తల, ఒకామెది గాజు ఒళ్ళు, ఎవరికి తోచిన రూపం వాళ్ళు తొడుక్కున్నారు. అందరూ ఒకే పని చేస్తున్నారు. కూర్చున్నారు, అంతే. నిదానం గోడ వైపు చూసి ఆగిపోయాడు. ఆ పాచిరంగు తమ భోజనాల గది గోడది. ఆ కిటికీ గొళ్ళెం తమ ముందుగదిది, కిందికి వేలాడుతూ, ఎన్నిసార్లు చెప్పినా తను బిగించనిది. ఇరవై రెండేళ్ళు తనకోసం కూర్చున్న ఇంటినే స్టేషన్ చేసి, లోకం మొత్తానికి బెంచీలు వేసిందా పిచ్చిది!

అప్పుడు మైకు గరగరలాడింది.

"దయచేసి వినండి. రావలసిన బండి ఆలస్యంగా నడుస్తోంది. వస్తుందో రాదో చెప్పలేం. కూర్చునే ఉండండి."

ఆవిడ గొంతు. 'దయచేసి'కి ముందు చిన్నగా గుటక వేయడంతో సహా ఆవిడదే. నిదానం ఇంట్లో ఆ గొంతు ఎక్కడా లేదు. గూఢచారి ఇంట్లో ఎవరి మాటా రికార్డు కాకూడదని తనే రూలు పెట్టాడు. పెళ్ళిరోజున కూడా సడలించలేదు. మోస్తున్న పెట్టె కింద పెట్టి, కాసేపు దానిమీదే కూర్చుండిపోయాడు.

ఎర్రగోళ్ళ టికెట్ కలెక్టర్ దగ్గరకొచ్చింది. నిదానం చీటీలో మాట తడుముకున్నాడు. "ఈ బండి... ఇక్కడ ఆగుతుందా?"

"దిగేవాళ్ళుంటే ఆగుతుంది," అని కోడ్ పూర్తి చేసింది ఎడిటర్. నవ్వింది. "మొదటి నవల మొదటి వాక్యం బావగారూ. తడుముకుంటున్నారేం?"

"వయసమ్మా," అన్నాడు నిదానం.

ముందు వెళ్ళిన ముగ్గురూ తొమ్మిది నవలలూ బట్టీపట్టినవాళ్ళు. వాళ్ళ మ్యాప్ గ్లవ్ వెనక వెలుగుతోంది. లాకర్లు, టికెట్ కౌంటర్, సిగ్నల్ గది, అన్నీ వెతికారు. ఏడో ప్లాట్‌ఫాం చివర ఒక్కచోట మాత్రం 'అవసరం లేదు' అని రాసి ఉంది.

"సార్, ఏడో ప్లాట్‌ఫాం చివర ఎందుకు చూడలేదు?"

"ముగ్గురూ ఒకటే మాట. పుస్తకం చదివినవాడెవడూ అక్కడ చెయ్యి పెట్టడట," చెవిలో అన్నాడు చీఫ్. "నీకు తెలిసిందేగా."

"ఊఁ," అన్నాడు నిదానం. నడిచాడు. టైము మూడూ యాభై రెండు.

దారిలో పులి తలవాడు లేచి నిలబడ్డాడు. "అన్నా, అటు కాదు," అన్నాడు కంగారుగా. బెంచీల మీదివాళ్ళంతా ఇటే చూస్తున్నారు. ప్లాట్‌ఫాం చివర మామూలు చెక్క తలుపు. తాళం కూడా లేదు. తాళం అక్కర్లేనంత నమ్మకం ఏమిటో నిదానానికి అర్థం కాలేదు. పిడి మీద చెయ్యి వేశాడు.

ఎడిటర్ చిటికె వేసింది. చెవిలో చీఫ్ గొంతు ఠక్కున ఆగిపోయింది. ఆమె చేతిలో టికెట్లు కత్తిరించే కత్తెర అతని మెడకి ఆనింది. ముగ్గురు ఏజెంట్లని వెనకనుంచి, ఎవరో తెలియకుండా చంపిన ఆయుధం అదే.

"నువ్వా తల్లీ," అన్నాడు నిదానం.

"చెయ్యి తీయండి బావగారూ. మూడో పుస్తకం చదివుంటే ఆ తలుపు ముట్టుకోరు. అది తెరిస్తే స్టేషన్ మొత్తం, ఇందులో ఉన్నవాటితో సహా చెరిగిపోతుంది. పుస్తకంలో ఉందని పాఠకులు అలాగే కట్టారు. ఎవరూ తెరవరని వాళ్ళకి తెలుసు. అందుకే ముఠా ప్రోగ్రాం దాని వెనక పెట్టించాను."

"ముఠాకి నువ్వెందుకు అమ్ముడుపోయావు?"

"అమ్ముడుపోలేదు. అక్క పోయాక దీన్ని నడిపే ఖర్చు పెట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. మా పబ్లిషర్ చేతులెత్తేశాడు. వాళ్ళు నడుపుతామన్నారు. గేట్ల సంగతి మొన్ననే తెలిసింది."

"తెలిశాక?"

"మీవాళ్ళకి నేనే చెప్పాను. గైడ్‌గా పక్కనే ఉంటే ఎవరూ ఈ తలుపు తెరవకుండా చూసుకోవచ్చని." గడియారం మూడూ యాభై ఆరు చూపిస్తోంది.

"మీరు ఒక్కటీ చదవలేదని అక్కకి తెలుసు," అంది హఠాత్తుగా. "ఐదో నవల మీ కాపీ ప్రత్యేకంగా బైండ్ చేయించింది. మధ్యలో నలభై పేజీలు తెల్ల కాగితాలు. వారం తర్వాత ఎలా ఉందని అడిగితే మీరేమన్నారు?"

నిదానానికి గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉంటే బావుణ్ణనిపించింది. "బాగుందన్నాను. మధ్యలో... మధ్యలో మరీ బాగుందన్నాను."

"నాకు ఫోన్ చేసి పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, ఉంటానే అని పెట్టేసింది. తర్వాత మూడ్రోజులు ఫోనెత్తలేదు."

నిదానం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తలుపుకి ఆనించాడు.

"ఈ ప్రకటనలన్నీ ఆస్పత్రి మంచం మీంచి చెప్పింది, నేరుగా ఇందులోకే," అంది ఎడిటర్, ఇప్పుడు గొంతు తగ్గించి. "ఇంకెక్కడా కాపీ లేదు. మీరప్పుడు ఏదో దేశంలో ఉన్నారు. మీకోసం ఒకటి చెప్పింది. రోజూ ఐదింటికి వస్తుంది. ఒక్క గంట ఆగండి బావగారూ. విని, ఆ తర్వాత మీ ఇష్టం."

"ఏమంది?"

"అది మీరే వినాలి."

మూడూ యాభై ఎనిమిది. పైన మైకు మళ్ళీ గరగరలాడింది. ఆ గొంతు మరోసారి గుటక వేసి, దయచేసి వినండి అంది. నిదానం విన్నాడు. బండి ఆలస్యమన్న దగ్గర్నుంచి కూర్చునే ఉండండి అన్నదాకా ఒక్క ముక్క పోకుండా విన్నాడు. జీవితంలో మొదటిసారి ఆవిడ మాట చివరిదాకా విన్నాడు. ఇంకో గంట కూర్చుంటే తనతో మాట్లాడుతుంది. తను కూర్చుంటే పన్నెండు ఊళ్ళు మునిగిపోతాయి. ఇన్నేళ్ళూ పనుందే అంటూ లేచి వెళ్ళిపోయినవాడు ఈ ఒక్కసారైనా కూర్చోవాలనుకున్నాడు, ఇప్పుడూ పనే అడ్డొచ్చింది.

"క్షమించు," అన్నాడు, ఎడిటర్‌తో కాదు.

కత్తెర మూసుకునేలోపు పిడి తిప్పాడు.

తలుపు వెనక దాచిన ప్రోగ్రాం ముందు చెరిగిపోయింది. గోడ పాచిరంగు పోయింది, గొళ్ళెం పోయింది, పులి తలవాడు అయ్యో అంటూ చెరిగిపోయాడు. ఆఖరికి మైకులో గరగర ఆగిపోయింది.

నిదానం హెడ్‌సెట్ తీశాడు. "పక్క క్యాబిన్లో ఎడిటర్ని బయటికి పోనివ్వకండి," అన్నాడు. గోడ గడియారంలో నాలుగు కావడానికి పదకొండు సెకన్లుంది. ఆ పదకొండూ గడిచాయి. ఆనకట్టల నుంచి ఫోనొచ్చింది. మూడుచోట్లా గేట్లు మూసే ఉన్నాయి.

చీఫ్ వచ్చి భుజం తట్టాడు. "శభాష్! పుస్తకాలన్నీ నమిలి మింగినవాడివి కాబట్టే నీకు తట్టింది."

"చదవలేదు సార్. ఒక్కటి కూడా చదవలేదు. చదివుంటే నేనూ ఆ తలుపు ముట్టుకునేవాణ్ణి కాదు." మీసాలు నెరిసిన గూఢచారి నలుగురిలో ఏడ్చాడు, రుమాలు కూడా తీయకుండా.

చీఫ్ దగ్గాడు. "సరే, అది రిపోర్టులో వద్దులే."

ఇంటరాగేషన్ గదిలో ఎడిటర్ బల్లమీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఎర్రటి గోళ్ళలో రెండు విరిగాయి. నిదానం ఐదు నిమిషాలు అడిగి తీసుకున్నాడు. ఐదింటికి ఏం వినపడేదో అడగొచ్చు. కానీ డబుల్ ఏజెంటు ఏ జవాబిచ్చినా నమ్మడానికి లేదు. ఉందన్నా నమ్మలేడు, అసలలాంటిదేం లేదన్నా నమ్మలేడు. తెలుసుకునే దారి తనే మూసేశాడు. అందుకని ఆ ప్రశ్న అడగలేదు.

"ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటావు?" అన్నాడు.

ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "మొదటిదే బావగారూ. వరసలోనే చదవండి. తొందరపడకండి."

అద్దం అవతల చీఫ్ ఫారం నింపుతున్నాడు. 'నిందితురాలి నుంచి రాబట్టిన సమాచారం' అన్నచోట 'ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాడు.